అమెరికాలో నర్స్ అనస్థటిస్టుల జీతాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఆపరేషన్ ముందు మత్తు ఇచ్చి, అది అయ్యేదాకా పేషెంట్ తల దగ్గరే ఉండి ఊపిరి, బీపీ, నొప్పి అన్నీ చూసుకుంటూ, చివర్లో మళ్లీ మెలకువ తెప్పించే నర్సులను అమెరికాలో సీఆర్‌ఎన్‌ఏ అంటారు. నేనూ ఆ పనే చేస్తున్నాను. ఐసీయూలో పనిచేసే జూనియర్లు, వాళ్ల స్నేహితులు, ఎప్పుడో ఒకసారి పెళ్లిలో కలిసినవాళ్లు ఫోన్ చేసి ముందు కుశల ప్రశ్నలు వేసి, తర్వాత అసలు సంగతికి వస్తారు: ఎంతొస్తుంది? విడివిడిగా చెప్పీ చెప్పీ అలసిపోయి అన్నీ ఒకచోట రాస్తున్నాను. డబ్బు సంగతి కాబట్టి మొహమాటం పక్కన పెట్టాను.

అసలు వీళ్లు డాక్టర్లా, నర్సులా?

నర్సులే. నర్సింగ్ డిగ్రీ, ఆర్‌ఎన్ (రిజిస్టర్డ్ నర్స్) లైసెన్స్, ఐసీయూలో కనీసం ఏడాది అనుభవం, ఆ తర్వాత కనీసం మూడేళ్ల డాక్టరేట్ ప్రోగ్రాం, చివర్లో ఎన్‌బీసీఆర్‌ఎన్‌ఏ అనే బోర్డు పెట్టే జాతీయ పరీక్ష. ఏడాది అన్నది రూల్ మాత్రమే, సీటు దొరికేవాళ్లకు మామూలుగా అంతకంటే ఎక్కువే ఉంటుంది. ఈ వృత్తి కొత్తదేమీ కాదు. వీళ్ల సంఘం ఏఏఎన్‌ఏ 1931లో పుట్టింది, సీఆర్‌ఎన్‌ఏ అనే హోదా 1956 నుంచి ఉంది.

సూటిగా చెప్పండి, ఏడాదికి ఎంత?

అమెరికా కార్మిక గణాంకాల సంస్థ బీఎల్‌ఎస్ లెక్క ప్రకారం 2024 మేలో మధ్యస్థ జీతం 2,23,210 డాలర్లు. మధ్యస్థం అంటే సగటు కాదు, అందరినీ జీతాల వరసలో నిలబెడితే సరిగ్గా మధ్యలో ఉన్నవాళ్లకు వచ్చేది. సగం మందికి అంతకంటే ఎక్కువ, సగం మందికి తక్కువ. ఇదంతా పన్నులు పోక ముందు మాట.

పోల్చుకోవడానికి: అదే 2024 లెక్కలో మామూలు ఆర్‌ఎన్‌కి 93,600, మందులు కూడా రాసే నర్స్ ప్రాక్టీషనర్‌కి 1,29,210. ఇక 2019లో సీఆర్‌ఎన్‌ఏల మధ్యస్థం 1,74,790. అంటే ఐదేళ్లలో నాలుగో వంతుకు పైగా పెరిగింది. ఆ ఐదేళ్లలో ధరలు కూడా బాగానే పెరిగాయి కాబట్టి అదంతా చేతిలో మిగిలిందని అనుకోకండి, కానీ పెరిగిన మాట నిజం.

మరి నాకు తెలిసినాయనకు మూడున్నర లక్షలు వస్తున్నాయట. ఎవరి మాట నమ్మాలి?

ఇద్దరి మాటా. బీఎల్‌ఎస్ లెక్కలో ఏముంది, ఏం లేదు అన్నది ఎవరూ చదవరు, గొడవంతా అక్కడే. ఆ లెక్కలోకి ఓవర్‌టైం రాదు. రాత్రి షిఫ్టుకో, వీకెండ్‌కో ఇచ్చే అదనపు రేటు రాదు. జాయినింగ్ బోనస్ రాదు. సొంతంగా కాంట్రాక్ట్ మీద పనిచేసేవాళ్లు అసలు సర్వేలోనే ఉండరు. ఈ వృత్తిలో పెద్ద సంపాదన ఉండేది సరిగ్గా ఈ వదిలేసిన చోట్లలోనే. కాబట్టి ఆ మూడున్నర లక్షలాయన అబద్ధం చెప్పడం లేదు. ఆయన వారానికి ఎన్ని గంటలు పనిచేస్తున్నాడు, హెల్త్ ఇన్సూరెన్స్ ఎవరు కడుతున్నారు, ఎన్ని రాత్రులు హాస్పిటల్లో పడుకుంటున్నాడు అన్నవి మాత్రం చెప్పలేదు. మీరూ అడగలేదు.

నేను ఎవరికైనా చెప్పేది ఒక్కటే. ఏడాది అంకెను పక్కన పెట్టి, దాన్ని మీరు నిజంగా డ్యూటీలో ఉండే గంటలతో భాగించండి. రెండు ఆఫర్లు ఉన్నాయనుకుందాం. ఒకటి 2,30,000, వారానికి 40 గంటలు, కాల్ (మామూలు డ్యూటీ కాక, అవసరమైతే పనిచేయడానికి సిద్ధంగా ఉండటం) లేదు. రెండోది 2,60,000, కానీ కాల్‌తో కలిపితే సగటున వారానికి 48 గంటలు. సెలవులు రెండిట్లోనూ ఆరు వారాలే, అంటే పనిచేసేది 46 వారాలు. మొదటి దాంట్లో గంటకు 125 డాలర్లు పడుతుంది. రెండో దాంట్లో 118 కూడా పడదు. చూడటానికి 30,000 ఎక్కువ, చేసే పనికి తక్కువ. అది తెలిసి ఎంచుకుంటే తప్పేం లేదు, అప్పులు తీర్చాల్సినవాళ్లు చాలామంది అదే ఎంచుకుంటారు. తెలియకుండా ఎంచుకోవడమే నష్టం.

కాల్ అంటే ఏంటి? దానికి విడిగా డబ్బిస్తారా?

రెండు రకాలు. ఒకటి హాస్పిటల్లోనే ఉండాల్సిన కాల్, సాధారణంగా 16 లేదా 24 గంటలు. రెండోది బీపర్ కాల్: ఇంట్లో ఉండొచ్చు, పిలిస్తే మాత్రం చెప్పిన టైంలోపు, చాలాచోట్ల 30 నిమిషాల్లో, చేరాలి.

బీపర్ కాల్ వినడానికి తేలిగ్గా ఉంటుంది. రాత్రి రెండు గంటలకు ఫోన్ మోగుతుంది. సిజేరియన్, బిడ్డ గుండె కొట్టుకోవడం తగ్గుతోంది. స్క్రబ్స్, అంటే థియేటర్ బట్టలు, కుర్చీ మీదే పెట్టుకుని పడుకున్నారు కాబట్టి సరిపోయింది. కారు తాళాలు, బ్యాడ్జి, చలికాలమైతే ముందు అద్దం మీద మంచు గీకడం. నాలుగున్నరకు ఇంటికి వస్తే నిద్ర పట్టదు. ఫోన్ మోగని రాత్రి కూడా సగం నిద్రే. ఇంటికి అరగంట కంటే దూరం వెళ్లలేరు, ఒక బీరు కూడా తాగలేరు.

దీనికి ఒక్కోచోట ఒక్కోలా ఇస్తారు. ఇంట్లో ఉన్న గంటలకు చిన్న రేటు, పిలిస్తే వెళ్లిన గంటలకు పూర్తి రేటో ఒకటిన్నర రెట్లో ఇచ్చే చోట్లు ఉన్నాయి. కాల్ మొత్తం జీతంలోనే కలిసి ఉందని చెప్పి విడిగా ఏమీ ఇవ్వనివీ ఉన్నాయి. మూడోదాన్ని నేను స్వయంగా అనుభవించాను. నా మొదటి ఉద్యోగంలో రాత్రంతా పనిచేసిన మర్నాడు ఇంటికి పంపేవాళ్లు, ఎంత మంచివాళ్లో అనుకున్నాను. ఆర్నెల్ల తర్వాత సెలవు పెడదామని చూస్తే ఖాతాలో సెలవులే లేవు. ఆ పోస్ట్‌కాల్ రోజులన్నీ నా సెలవుల్లోంచే కోశారు. కాంట్రాక్టులో చూస్తే ఉంది, ఒకే ఒక్క లైను, నేను చదివి దాటేసిన లైను.

అసలు ఈ డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది?

ఇది అర్థమైతే జీతాల్లో తేడాలు సగం అర్థమైనట్టే, కాబట్టి కొంచెం ఓపిగ్గా చదవండి.

అనస్థీషియా బిల్లు మిగతా వైద్యం బిల్లుల్లా ఉండదు. ప్రతి ఆపరేషన్‌కీ కష్టాన్ని బట్టి కొన్ని బేస్ యూనిట్లు ఉంటాయి. దానికి టైం యూనిట్లు కలుపుతారు, మెడికేర్ (ముఖ్యంగా ముసలివాళ్లకు ప్రభుత్వం ఇచ్చే హెల్త్ ఇన్సూరెన్స్) లెక్కలో ప్రతి 15 నిమిషాలకూ ఒకటి. మొత్తం యూనిట్లను ఒక డాలర్ రేటుతో గుణిస్తారు. లాప్రోస్కోపీతో గాల్‌బ్లాడర్ తీసే కేసుకు బేస్ యూనిట్లు 7. గంటన్నర పట్టిందంటే ఇంకో 6. మొత్తం 13. మెడికేర్ ఇచ్చేది యూనిట్‌కు 20 డాలర్ల చుట్టూ, కాబట్టి 260 డాలర్లు. గంటన్నర పాటు ఒక మనిషి ప్రాణం చేతిలో పెట్టుకున్నందుకు అంతే.

ప్రైవేట్ ఇన్సూరెన్స్ ఇదే కేసుకు చాలా ఎక్కువ ఇస్తుంది. కొన్ని అనస్థీషియా సేవలను తీసుకుని ప్రభుత్వ ఆడిట్ సంస్థ జీఏఓ 2004 లెక్కలతో పోల్చి చూస్తే, మెడికేర్ చెల్లింపులు ప్రైవేట్ కంటే సగటున 67 శాతం తక్కువ అని తేలింది. మిగతా వైద్య విభాగాల్లో ఇంత తేడా ఉండదు. దీని ఫలితం ఏంటంటే, ముసలివాళ్లు, పేదవాళ్లు ఎక్కువగా వచ్చే హాస్పిటల్లో అనస్థీషియా విభాగం తన బిల్లులతో తన జీతాలు తాను కట్టుకోలేదు. అప్పుడు హాస్పిటల్ తన జేబులోంచి ఆ విభాగాన్ని నడిపే అనస్థీషియా గ్రూపుకు ఏటా కొంత సొమ్ము ఇస్తుంది, మీ జీతంలో కొంత భాగం నిజానికి ఆ సొమ్మే. అది లేకపోతే ఆపరేషన్ థియేటర్లు మూతపడతాయి, థియేటర్లు మూతపడితే హాస్పిటల్ ఆదాయమే పోతుంది. అందుకే మనుషులు దొరకనప్పుడు రేట్లు అంత త్వరగా పెరుగుతాయి. బిల్లు పెరగదు, అవసరం పెరుగుతుంది.

డాక్టర్ పర్యవేక్షణలో పనిచేస్తే జీతం తగ్గుతుందా?

నేరుగా తగ్గదు, చుట్టూ తిరిగి తగ్గొచ్చు. మెడికేర్‌లో ఒక అనస్థీషియా డాక్టర్ ఒకేసారి రెండు నుంచి నాలుగు థియేటర్ల దాకా సీఆర్‌ఎన్‌ఏలను డైరెక్ట్ చేస్తుంటే, ప్రతి కేసు డబ్బులో సగం ఆ డాక్టర్ పేరు మీద, సగం సీఆర్‌ఎన్‌ఏ పేరు మీద వస్తుంది. సీఆర్‌ఎన్‌ఏ ఒక్కరే చేస్తే క్యూజెడ్ అనే కోడ్‌తో బిల్లు వెళ్తుంది, మొత్తం వాళ్ల పేరు మీదే వస్తుంది. పై ఉదాహరణలో మొదటి పద్ధతిలో 130, 130. రెండో దాంట్లో 260. మొత్తం రెండుసార్లూ ఒకటే, కానీ రెండో పద్ధతిలో ఆ డబ్బులోంచి డాక్టర్ జీతం తీయాల్సిన పని లేదు. అందుకే సీఆర్‌ఎన్‌ఏలే అంతా చూసుకునే చోట వాళ్లకు ఎక్కువ ఇవ్వడానికి వీలుంటుంది.

నాలుగు థియేటర్ల పద్ధతికి 1982 నాటి టెఫ్రా చట్టంతో వచ్చిన ఏడు షరతులు ఉన్నాయి. పేషెంట్‌ను ముందుగా పరీక్షించడం, మత్తు ఎక్కించేటప్పుడు, మెలకువ తెప్పించేటప్పుడు డాక్టర్ దగ్గరుండటం లాంటివి. పొద్దున్న ఏడున్నరకు నాలుగు కేసులూ ఒకేసారి మొదలైతే ఒకే మనిషి నాలుగు చోట్ల ఎలా ఉంటాడో మీరే ఊహించుకోండి.

ఇంకో సంగతి. ఫెడరల్ నియమం ప్రకారం మెడికేర్ తీసుకునే హాస్పిటళ్లలో సీఆర్‌ఎన్‌ఏలకు డాక్టర్ పర్యవేక్షణ ఉండాలి, కానీ 2001 నవంబర్ నుంచి రాష్ట్ర గవర్నర్ లేఖ రాసి దీన్నుంచి తప్పుకోవచ్చు. ముందుగా తప్పుకున్నది అయోవా, ఆ డిసెంబర్‌లోనే. తర్వాత చాలా రాష్ట్రాలు అదే దారి పట్టాయి. తప్పుకున్న రాష్ట్రంలో ఉన్నంత మాత్రాన జీతం ఎక్కువ వస్తుందనుకోకండి, ఒకే రాష్ట్రంలో పక్కపక్క హాస్పిటళ్లు వేర్వేరు పద్ధతుల్లో నడుస్తుంటాయి. చూడాల్సింది ఆ హాస్పిటల్ ఎలా నడుస్తోందని.

ఏ రాష్ట్రంలో ఎక్కువ?

ఏటా ఎవరో ఒకరు టాప్ టెన్ రాష్ట్రాల జాబితా తయారు చేస్తారు, మరుసటి ఏడాదికి అది తారుమారవుతుంది. చిన్న రాష్ట్రాల్లో సీఆర్‌ఎన్‌ఏలే కొద్దిమంది, పది మంది అటూ ఇటూ అయితే అంకె ఎగిరి దూకుతుంది. దాన్ని పట్టుకుని ఇల్లు మారకండి.

రాష్ట్రం కంటే ఊరు ముఖ్యం. అందరూ ఉండాలనుకునే ఊళ్లో, అదీ పక్కనే అనస్థీషియా స్కూలు ఉండి ఏటా ఓ పాతికమంది కొత్తవాళ్లు బయటికొచ్చే చోట, యాజమాన్యానికి తొందరేమీ ఉండదు. మీరు కాకపోతే ఇంకొకరు. రెండు గంటలు దూరంగా ఉన్న చిన్న ఊరి హాస్పిటల్లో అదే పనికి ఎక్కువ ఇస్తారు, దొరికినందుకు దండం కూడా పెడతారు. ఆ డబ్బుకు ఒక ఆధారం కూడా ఉంది. ఏడాదికి 800కు మించి ఆపరేషన్లు లేని చిన్న పల్లెటూరి హాస్పిటళ్లు అర్హత ఉంటే తమ సీఆర్‌ఎన్‌ఏ ఖర్చును యూనిట్ల లెక్కతో కాకుండా, అయిన ఖర్చు లెక్కన మెడికేర్ నుంచి తీసుకోవచ్చు. కాకపోతే అక్కడ మీరొక్కరే ఉంటారు. కష్టమైన కేసు పడితే కేక వేసి పిలవడానికి పక్క గదిలో ఎవరూ ఉండరు. కొత్తగా పాసైనవాళ్లు మొదటి ఉద్యోగానికే అలాంటి చోటికి వెళ్లడం నాకు నచ్చదు, ఎంత ఇచ్చినా సరే.

పన్ను కూడా చూసుకోండి. టెక్సస్, ఫ్లోరిడా, టెనెసీ, వాషింగ్టన్, నెవాడా లాంటి చోట్ల జీతం మీద రాష్ట్ర ఆదాయ పన్ను లేదు. కాలిఫోర్నియాలో ఉంది, బాగానే ఉంది. అక్కడ ఇళ్ల ధరల సంగతి నేను చెప్పక్కర్లేదు.

డబ్ల్యూ-2, 1099 అంటారు కదా, ఏది మంచిది?

డబ్ల్యూ-2 అంటే ఉద్యోగి. 1099 అంటే మీరే ఒక చిన్న వ్యాపారం, హాస్పిటల్ మీ కస్టమర్. గంట రేటు 1099లో ఎప్పుడూ ఎక్కువే కనిపిస్తుంది, కనిపించాలి కూడా, ఎందుకంటే యజమాని కట్టేవన్నీ ఇక మీరే కట్టుకోవాలి.

లెక్క వేద్దాం. గంటకు 150 డాలర్ల 1099 పని దొరికిందనుకోండి. వారానికి 40 గంటలు, 46 వారాలు, అంటే 1,840 గంటలు, 2,76,000 డాలర్లు. ఇప్పుడు తీసివేతలు. సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ పన్నుల్లో యజమాని కట్టే సగం ఇప్పుడు మీ నెత్తిన, 2025 పరిమితులతో సుమారు 14,600. కుటుంబానికి హెల్త్ ఇన్సూరెన్స్ 24,000 అనుకుందాం. వైద్యంలో పొరపాటు జరిగిందని కేసు పడితే కాసే మాల్‌ప్రాక్టీస్ ఇన్సూరెన్స్ 5,000. ఉద్యోగంలో ఉంటే రిటైర్మెంట్‌కు యజమాని కలిపే డబ్బు ఓ 11,000. కోర్సులు, లైసెన్స్ ఫీజులు 3,000. అన్నీ తీస్తే మిగిలేది 2,18,400. అంటే గంటకు 150 అని మురిసిపోయిన పని, ఏడాదికి 2,20,000 ఇచ్చే మామూలు ఉద్యోగం పక్కన నిలబడితే సరిసమానం. 46 వారాలు అనుకున్నాం కాబట్టి సెలవుల లెక్క అందులోనే అయిపోయింది, కానీ జ్వరమొస్తే ఆ రోజు డబ్బు లేదు. థియేటర్‌లో కేసులు క్యాన్సిలై మధ్యాహ్నం ఇంటికి పంపితే మిగతా గంటలకూ లేదు, కాంట్రాక్టులో కనీస గంటలకు హామీ రాయించుకుంటే తప్ప.

మరి ఎందుకు చేస్తారంటే, కొందరికి నిజంగా లాభం. భర్తకో భార్యకో వేరేచోట మంచి ఇన్సూరెన్స్ ఉంటే ఆ 24,000 మిగిలిపోతుంది. వృత్తి ఖర్చులు ఆదాయంలోంచి తీసి చూపించొచ్చు. సొంత 401(కె) రిటైర్మెంట్ ఖాతాలో 2025కు 50 ఏళ్లలోపు వాళ్లు అన్నీ కలిపి 70,000 డాలర్ల దాకా వేసుకోవచ్చు, ఉద్యోగిగా మీ జీతంలోంచి వేసుకోగలిగేది 23,500 మాత్రమే. నచ్చని చోట ఉండాల్సిన పని లేదు. కాకపోతే ముందస్తు పన్ను ఏప్రిల్, జూన్, సెప్టెంబర్, జనవరిలో మీరే గుర్తుపెట్టుకుని కట్టాలి. మొదటి ఏడాది ఆ డబ్బు కూడా తనదేననుకుని కారు కొన్న మనిషి నాకు తెలుసు. ఏప్రిల్‌లో ఆయన మొహం చూడాల్సింది.

కొత్తవాళ్లకీ, ఇరవై ఏళ్ల సీనియర్లకీ జీతంలో తేడా ఎంత?

మీరనుకునేంత ఉండదు, సీనియర్లకు మంట పుట్టించే విషయం ఇదే. కొత్తవాళ్లను లాగడానికి మొదటి జీతాలు పెంచుకుంటూ పోతారు, ఉన్నవాళ్లకు ఏటా రెండో మూడో శాతం వేస్తారు. కొన్నేళ్లకు రెండూ దగ్గరపడతాయి. అందుకే ఈ వృత్తిలో జీతం పెరగడానికి తేలికైన దారి ఉద్యోగం మారడం. నమ్మకంగా ఒకేచోట ఉన్నవాళ్లు నష్టపోవడం న్యాయం కాదు, కానీ జరిగేది అదే.

డాక్టరేట్ ఉంటే ఎక్కువ ఇస్తారా?

ఇవ్వరు. 2022 జనవరి నుంచి కొత్తగా చేరేవాళ్లందరికీ డాక్టరేట్ ప్రోగ్రామే. అంతకుముందు మాస్టర్స్‌తో వచ్చినవాళ్లు అదే థియేటర్‌లో అదే పని చేస్తున్నారు, బిల్లులో డిగ్రీకి కాలమ్ లేదు. బోధనలోకి వెళ్లాలనుకుంటే మాత్రం ఉపయోగం.

ఎలాంటి కేసులు చేస్తే ఎక్కువ?

గుండె ఆపరేషన్లు చేయగలిగితే, అల్ట్రాసౌండ్ చూస్తూ నరాల బ్లాకులు వేయగలిగితే, ప్రసవాల ఎపిడ్యూరల్స్ ఒంటరిగా చూసుకోగలిగితే మీకు దొరికే ఉద్యోగాలు ఎక్కువ, రేటు మాట్లాడుకునే బలమూ ఎక్కువ. విడిగా గుండె కేసుకు ఇంత అని ఇవ్వడం మాత్రం అరుదు. కొలొనోస్కోపీ సెంటర్లు, కంటి ఆపరేషన్ల సెంటర్లు పూర్తిగా వేరే ప్రపంచం. రాత్రులు లేవు, ఆదివారాలు లేవు, పేషెంట్లు ఆరోగ్యంగా ఉంటారు, రోజుకు ఇరవై కేసులు పరుగుమీద చేయాలి. హాయిగానే ఉంటుంది, కానీ రెండేళ్లు అక్కడే ఉంటే పెద్ద కేసులు చేసే చెయ్యి మొద్దుబారుతుంది, తిరిగి హాస్పిటల్‌కి వెళ్లాలంటే భయం వేస్తుంది. ఆ భయానికి కూడా ఒక ధర ఉంది, ఆఫర్ లెటర్‌లో కనబడదు.

అనస్థీషియా డాక్టర్లతో పోలిస్తే?

వాళ్లకే ఎక్కువ. 2023 మే లెక్కలో వాళ్ల సగటు 3,39,470 డాలర్లు, అదే ఏడాది సీఆర్‌ఎన్‌ఏల సగటు 2,14,200. వాళ్ల చదువు చాలా పొడవు, అదీ గుర్తుంచుకోవాలి.

చదువు ఖర్చు తీసేస్తే గిట్టుబాటు అవుతుందా?

చాలామందికి అవుతుంది. కానీ ఫీజు ఒక్కటే చూస్తే లెక్క తప్పుతుంది. మూడేళ్లపాటు ఉద్యోగం చేయడం దాదాపు కుదరదు, క్లినికల్స్, అంటే హాస్పిటల్లో శిక్షణ, మొదలయ్యాక అసలే కుదరదు. ఆర్‌ఎన్‌గా ఏడాదికి 90,000 సంపాదించే మనిషికి ఆ మూడేళ్లలో రాకుండా పోయేది 2,70,000. ఫీజు, అద్దె, తిండి దాని మీద అదనం.

అప్పుల సంగతిలో ఒక పెద్ద మార్పు వచ్చింది, కొత్తగా చేరేవాళ్లు తప్పక చూసుకోవాలి. 2025లో చేసిన చట్టంతో గ్రాడ్యుయేట్ ప్లస్ అనే ఫెడరల్ అప్పు 2026 జులై 1 నుంచి కొత్తవాళ్లకు ఆగిపోతుంది. మామూలు గ్రాడ్యుయేట్ విద్యార్థులకు ఏడాదికి 20,500, మొత్తం లక్ష డాలర్లు అన్న పరిమితి ఉంటుంది, ప్రొఫెషనల్ డిగ్రీల కింద లెక్కపెట్టే కోర్సులకు అంతకంటే ఎక్కువ. మీ ప్రోగ్రాం ఏ కోవలోకి వస్తుందో సీటు ఒప్పుకునే ముందే ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసులో రాతపూర్వకంగా అడగండి. మిగతాది ప్రైవేట్ అప్పు తేవాల్సి వస్తే వడ్డీ లెక్కే మారిపోతుంది.

అప్పు మాఫీ మీద ఆశ పెట్టుకున్నవాళ్లకు ఒక మాట. పీఎస్‌ఎల్‌ఎఫ్ పథకంలో 120 నెలల వాయిదాలు కట్టాక మిగతా ఫెడరల్ అప్పు పోతుంది, మీ యజమాని ప్రభుత్వ సంస్థో లాభాపేక్ష లేని సంస్థో అయితేనే. చాలామంది బోల్తా పడేది ఇక్కడే: పనిచేసే హాస్పిటల్ లాభాపేక్ష లేనిదే, కానీ జీతం ఇచ్చేది ఒక ప్రైవేట్ అనస్థీషియా గ్రూపు. అలాంటప్పుడు మామూలుగా మీ నెలలు లెక్కలోకి రావు. చెక్కు మీద ఎవరి పేరుందో చూడండి, గోడ మీద పేరు కాదు.

అప్పే వద్దనుకుంటే సైన్యం సొంతంగా నడిపే అనస్థీషియా నర్సింగ్ ప్రోగ్రాం ఉంది. చదువుతున్నన్నాళ్లూ జీతం ఇస్తారు, తర్వాత కొన్నేళ్లు వాళ్లకు పనిచేయాలి.

వేరే దేశంలో ఐసీయూలో పదేళ్లు చేశాను. నేరుగా చేరొచ్చా?

చేరలేరు. ఐసీయూ అనుభవం అమెరికాలోనో, దాని భూభాగాల్లోనో, అమెరికా సైనిక హాస్పిటల్లోనో అయి ఉండాలన్నది ప్రోగ్రాములకు గుర్తింపు ఇచ్చే సంస్థ నియమం. కాబట్టి వరస ఇది: ఎన్‌క్లెక్స్ (నర్సుల లైసెన్స్ పరీక్ష), ఆర్‌ఎన్ లైసెన్స్, ఇక్కడ ఐసీయూ ఉద్యోగం, ఆ తర్వాతే అప్లికేషన్. మీ పదేళ్లు వృథా పోవు, ఇంటర్వ్యూలో ప్రెజర్ మందుల గురించి, వెంటిలేటర్ గురించి అడిగినప్పుడు తెలిసిపోతుంది. ఇంకో చిక్కు, ఉద్యోగం మీద ఆధారపడ్డ వీసాలో ఉంటే మూడేళ్లు ఉద్యోగం మానేయడం కుదరదు, ఫెడరల్ అప్పులు కూడా పౌరులకు, గ్రీన్ కార్డ్ లాంటివి ఉన్నవాళ్లకే. అందుకే ఎక్కువమంది గ్రీన్ కార్డ్ వచ్చేదాకా ఆగుతారు.

జీతం పెంచమని అడగొచ్చా, ఆఫర్ పోతుందేమో?

మర్యాదగా అడిగినందుకు ఆఫర్ పోయిన మనిషిని నేను చూడలేదు. పెద్ద సంస్థల్లో మూల జీతం ఒక పట్టిక ప్రకారం ఉంటుంది, దాన్ని కదపడం వాళ్లకూ కష్టం. జాయినింగ్ బోనస్, సెలవుల వారాలు, నెలకు ఎన్ని కాల్స్, ఊరు మారే ఖర్చు, వీటిని కదపడం తేలిక. ఒక వారం అదనపు సెలవు అంటే పైన చెప్పిన గంటల లెక్కలో ఐదారు వేల డాలర్లు. ఆ మాటే వాళ్లతో అనండి.

ఈ పెరుగుదల ఎన్నాళ్లు?

జోస్యం చెప్పలేను. పెంచుతున్నవి కనిపిస్తూనే ఉన్నాయి: ముసలివాళ్లు పెరుగుతున్నారు, థియేటర్ బయట మత్తు అవసరమయ్యే పనులు పెరుగుతున్నాయి, రిటైరయ్యేవాళ్లూ ఉన్నారు. తగ్గించేవీ ఉన్నాయి: మెడికేర్ రేటు ఏళ్లుగా పెద్దగా పెరగలేదు, నెట్‌వర్క్‌లో లేని (పేషెంట్ ఇన్సూరెన్స్ కంపెనీతో ఒప్పందం లేని) అనస్థీషియా గ్రూపులు పేషెంట్‌కు భారీ బిల్లు పంపడం 2022 నుంచి నో సర్‌ప్రైజెస్ చట్టంతో ఆగిపోయింది, కాబట్టి ఇన్సూరెన్స్ కంపెనీలతో బేరమాడే బలం తగ్గింది.

ఆఫర్ లెటర్ వచ్చింది. సంతకం పెట్టే ముందు ఏం చూడాలి?

జాయినింగ్ బోనస్ ఉంటే, ముందే మానేస్తే ఎంత తిరిగి కట్టాలి, నెలనెలా తగ్గుతూ వస్తుందా లేక చివరి రోజు దాకా మొత్తం కట్టాలా అన్నది చూడండి. పన్ను పోయాక చేతికొచ్చింది 30,000 అయితే తిరిగి అడిగేది పన్నుతో కలిపి 45,000 కావచ్చు. మానేశాక చుట్టుపక్కల ఇన్ని మైళ్లలో పనిచేయకూడదన్న షరతు ఉందా, ఉంటే మీ రాష్ట్రంలో అది చెల్లుతుందా అని లాయర్‌ని అడగండి, కాలిఫోర్నియాలో చెల్లదు, చాలాచోట్ల చెల్లుతుంది. పోస్ట్‌కాల్ రోజు ఎవరి ఖాతాలోంచి పోతుందో అడగండి, ఎందుకో పైన చెప్పాను.

చివరిది మాల్‌ప్రాక్టీస్ ఇన్సూరెన్స్. అక్కరెన్స్ పాలసీ అయితే మీరు అక్కడ పనిచేసిన రోజుల్లో జరిగినదానికి ఎప్పుడు కేసు పడ్డా అది కాస్తుంది. క్లెయిమ్స్ మేడ్ అయితే, పాలసీ నడుస్తున్నప్పుడు కేసు పడితేనే. మీరు మానేసిన రెండేళ్లకు పాత పేషెంట్ కేసు వేస్తే టెయిల్ అనే అదనపు పాలసీ ఉండాలి, దానికి వేల డాలర్లు అవుతుంది. టెయిల్ ఎవరు కడతారన్నది కాంట్రాక్టులో లేకపోతే, మీరే కడతారని అర్థం. హెచ్‌ఆర్ వాళ్లు ఫోన్‌లో, అదేం పర్లేదు, మేమే చూసుకుంటాం అంటారు. ఆ మాటనే ఈమెయిల్‌లో రాసి పంపమనండి.